రౌటరు బోర్డుకు చెక్కుబందీ

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా అక్క కొడుకు ఒక ఆదివారం పాత వైఫై రౌటరును తుండుగుడ్డలో చుట్టుకొని వచ్చాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "మామా, దీనికి ఓపెన్‌వర్ట్ ఎక్కించాలని చూస్తే లిస్టులో పేరే లేదే" అన్నాడు. అది రౌటర్లకు వేసే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, అసలు పేరు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి. అన్ని అక్షరాలు పలికే ఓపిక లేక మేమంతా ఓపెన్‌వర్ట్ అనేస్తాం. మూత విప్పి చూస్తే అడుగు స్టిక్కరు మీద ఒక కంపెనీ పేరు, బోర్డు మీద ఇంకెవరిదో పేరు. చిప్పు మాత్రం పాత చుట్టమే, మీడియాటెక్ ఎంటీ7628. "లిస్టులో లేదంటే పనికిరాదని కాదురా, ఇంకా ఎవరూ రాయలేదని" అన్నాను. ఆ ఒక్క మాటకు మూడు వారాంతాలు పోయాయి.

ఆ మూడు వారాంతాల పనినీ, ఈ రంగంలో ఇరవై ఏళ్లుగా జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త బోర్డుకు ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ మద్దతు చేర్చడమంటే ఏమిటో, మన ఇళ్లలోని డబ్బాలకు అది ఎందుకు అందడం లేదో కొంత తేలుతుంది. నా మటుకు నాకు తేలింది ఇది: కోడు రాయడం ఈ పనిలో చిన్న వాటా. బోర్డు గురించి నిజాలు ఒక్కొక్కటిగా రాబట్టడం, వాటికి సంతకం పెట్టి పూచీ పడటం పెద్ద వాటా. ఆ పూచీ పడే మనిషి దగ్గర బోర్డు ఉండి తీరాలి.

కథ మొదలైంది లింక్సిస్ డబ్ల్యుఆర్‌టి54జి అనే రౌటరుతో. 2002 చివర్లో బజారుకొచ్చింది. మరుసటి ఏడాది లింక్సిస్‌ను సిస్కో కొనుక్కుంది. అదే ఏడాది కొందరు ఆ డబ్బాలో నడుస్తున్నది లినక్స్ అని పట్టుకున్నారు. లినక్స్ జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది. దాన్ని పెట్టి సరుకు అమ్మినవాడు సోర్సు కోడు అడిగితే ఇవ్వాలి. ఒత్తిడి పెరిగాక 2003లో కోడు బయటికి వచ్చింది, దాని మీదే 2004 జనవరిలో ఓపెన్‌వర్ట్ మొదలైంది. సిస్కోతో పేచీ అక్కడితో ఆగలేదు. 2008 డిసెంబరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ దావా వేసింది, 2009 మేలో రాజీ కుదిరింది. ఓపెన్‌వర్ట్ లోపల కూడా తగవులు లేకపోలేదు. 2016లో కొందరు విడిపోయి ఎల్ఈడీఈ అని వేరు కుంపటి పెట్టుకున్నారు, 2018 జనవరికి మళ్లీ కలిశారు. ఆ తగవులో నాకు పెద్ద ఆసక్తి లేదు, ముందుకు పోదాం.

మన దేశంలో దీన్ని తొలినాళ్లలోనే వాడుకున్న చోటు హిమాచల్‌లోని ధర్మశాల. 2005లో ఆరుబయట వైఫైకి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం తేల్చగానే అక్కడి ఎయిర్‌జల్ది బృందం ఇవే లింక్సిస్ డబ్బాల్లో ఫర్మ్‌వేర్ మార్చి కొండల మధ్య మెష్ నెట్‌వర్క్ అల్లింది. అప్పుడు ఒకే బోర్డు, ఒకే చిప్పు, వాడేవాళ్లు వేలమంది. ఇప్పుడు లెక్క తిరగబడింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 24.10 వెర్షన్ 1970కి పైగా పరికరాలకు పనిచేస్తుంది. అయినా మనం అంగట్లోకి వెళ్లి చూసే పెట్టె అందులో ఉంటుందన్న నమ్మకం లేదు.

ఎందుకంటే పేరు చూసి బోర్డు చెప్పలేం. మన ఊళ్లో రూమ్‌లలో ఉండే పిల్లల దగ్గర ఎక్కువగా కనిపించే టీపీ-లింక్ డబ్ల్యుఆర్841ఎన్‌నే తీసుకోండి. వెర్షన్ 13లో 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉంటాయి. పై నంబరు కదా, వెర్షన్ 14 ఇంకా మెరుగ్గా ఉంటుందనుకుంటాం. దానిలో ఉండేది 4 ఎంబీ, 32 ఎంబీ. బయటి అట్టపెట్టె అదే, బొమ్మ అదే. 4/32 బోర్డులకు ఓపెన్‌వర్ట్ 19.07 తర్వాత దాదాపు సెలవు చెప్పేసింది. కొత్త కెర్నెల్ ఆ చోట్లో పట్టదు మరి. ఈ తిరకాసు కొత్తది కూడా కాదు. లింక్సిస్ వాళ్లే 54జి వెర్షన్ 5లో మెమరీ సగానికి కోసి, లినక్స్ తీసి వీఎక్స్‌వర్క్స్ పెట్టారు. జనం గోల పెట్టాక పాత బోర్డును 54జిఎల్ పేరుతో విడిగా అమ్మారు. కొనేటప్పుడు అడుగు స్టిక్కరు మీద 'వెర్' పక్కనున్న అంకె చూడమని నేను అందరికీ చెబుతుంటాను. అంగడివాడు విసుక్కున్నా సరే.

ఇక పనిలోకి. మన వైపు సెంటు స్థలం రిజిస్ట్రేషను చేయించుకున్నవాళ్లకైనా చెక్కుబందీ తెలుసు. తూర్పున ఫలానా వాళ్ల ఇల్లు, పడమర పంచాయతీ రోడ్డు, ఉత్తరాన వంక, దక్షిణాన ఖాళీ స్థలం. నేల ఎక్కడికీ పోదు, కానీ దస్తావేజులో హద్దులు లేకపోతే పని జరగదు. డివైస్ ట్రీ అనే ఫైలు బోర్డుకు అట్లాంటి చెక్కుబందీ. కంప్యూటరులో అయితే ఏ భాగం ఎక్కడుందో కెర్నెల్ అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉంటుంది. రౌటరు చిప్పుల్లో ఆ సౌకర్యం తక్కువ, మనమే రాసి ఇవ్వాలి. ఫ్లాష్ ఎంత, ఎక్కడ ఏ ముక్క మొదలవుతుంది, లైటు ఏ పిన్ను మీద ఉంది, రీసెట్ బటన్ ఏది, వైఫై వివరాలు ఎక్కడ దాచారు, అన్నీ. పూర్వం ఆథరోస్ చిప్పులకు ఇదంతా బోర్డుకొక సీ ఫైలుగా రాసేవాళ్లు. ఆ పాత పద్ధతి ఏఆర్71ఎక్స్ఎక్స్, దాని స్థానంలో చెక్కుబందీ పద్ధతిలో ఏటీహెచ్79 వచ్చింది. అప్పుడు జరిగిన సంగతి ఈ వ్యాసానికి కీలకం. ఎవరి దగ్గరైతే బోర్డు చేతిలో ఉండి, పరీక్షించి చెప్పగలిగారో ఆ బోర్డులు కొత్త పద్ధతిలోకి వచ్చాయి. అడిగే నాథుడు లేని బోర్డులు 19.07తో ఆగిపోయాయి. ఆ చిప్పుకు డ్రైవర్లు ఉన్నాయి, కెర్నెల్ ఉంది. ఆ బోర్డును బల్ల మీద పెట్టుకున్న మనిషే లేడు.

మా బోర్డు హద్దులు తెలియాలంటే ముందు అది మాట్లాడాలి. యాంటెన్నా వైర్ల పక్కన నాలుగు చిన్న రంధ్రాలు, వాటికి పేర్లు లేవు. మల్టీమీటరుతో ఒకటి భూమి అని తేలింది. ఒకదాని మీద కదలకుండా 3.3 వోల్టులు, దాన్ని ముట్టుకోకూడదు. ఇంకొకటి కరెంటు ఇవ్వగానే కొన్ని సెకన్లపాటు పైకీ కిందికీ ఊగింది. బోర్డు గొంతు అదే. మూడు తీగలు అతికించి యూఎస్‌బీ-టీటీఎల్ పుల్ల ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపి, వేగం 115200 పెట్టి స్విచ్ వేశాం. తెర మీద బారులు బారులుగా అక్షరాలు దిగాయి. యూ-బూట్ అనే బూట్‌లోడరు వెర్షను, ర్యామ్ 64 ఎంబీ, ఫ్లాష్ చిప్పు పేరు, ఆపాలంటే ఏదైనా కీ నొక్కమని హెచ్చరిక. వాడు కీ నొక్కాడు. ఆగలేదు. పది సార్లు నొక్కాడు, పది సార్లూ అది తన దారిన తను పోయింది. బోర్డు చెప్పేది మాకు వినిపిస్తోంది, మేం చెప్పేది దానికి వినిపించడం లేదు. భూతద్దం పెట్టి చూస్తే మేం పంపే తీగ దారిలో ఆవగింజంత రెసిస్టరు ఉండాల్సిన చోటు ఖాళీ. కంపెనీలో దాన్ని వేయనే లేదు. ఆ రెండు చుక్కల మధ్య ఒక బొట్టు సీసం కరిగించి కలిపేసరికి రాత్రి పదకొండైంది. పదకొండున్నరకు యూ-బూట్ మా మాట విన్నది.

కంపెనీ ఫర్మ్‌వేర్ తనే చెప్పిన హద్దులు ఇవి. 8 ఎంబీ ఫ్లాష్‌లో మొదటి 192 కేబీ బూట్‌లోడరుది, తర్వాతి 64 కేబీ దాని సెట్టింగులది, ఆపై 64 కేబీ 'ఫ్యాక్టరీ'. మిగతా 7872 కేబీ మొత్తం ఫర్మ్‌వేర్‌కే అనుకున్నాం, ఈ చిప్పు బోర్డుల్లో చాలావాటిలో అంతే. మా దాంట్లో మాత్రం చివర ఇంకో 64 కేబీ కంపెనీవాళ్లు తమ సెట్టింగులకు మిగుల్చుకున్నారు. గట్టు తగాదా. దాన్ని కలిపేసుకుంటే చోటు పెరుగుతుంది, కానీ రేపెవరైనా కంపెనీ ఫర్మ్‌వేర్‌కు తిరిగి పోదామంటే దారి మూసుకుపోతుంది. పరాయి సెంటు మనకెందుకని 7808 అని రాశాం.

లైట్ల పని పిల్లవాడికి అప్పగించాను. ఒక్కో పిన్నును ఒకటి చేసి, సున్నా చేసి, ఏ లైటు వెలిగిందో నోటుబుక్కులో రాయాలి. కొన్ని సున్నా ఇస్తే వెలుగుతాయి, ఒకటి ఇస్తే ఆరుతాయి. వాడు మొదటి పూట అన్నీ తలకిందులు రాశాడు. మూత మీద 1 అని అచ్చేసిన పోర్టులో కేబుల్ పెడితే లోపల స్విచ్ లెక్కలో అది నాలుగోది. ఇవన్నీ అల్పమైనవే. కానీ ఇంటర్నెట్ రాలేదని అర్ధరాత్రి తల పట్టుకునేవాడికి ఏ లైటు దేనికి వెలుగుతుందో నిజం తెలియాలి.

ఫ్లాష్ మీద చెయ్యి వేసే ముందు ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ అనే మాదిరిలో తయారుచేసి టీఎఫ్‌టీపీతో ర్యామ్‌లోకే దించి నడపాలి. అది చుట్టపుచూపుగా వచ్చిన ఫర్మ్‌వేర్. కరెంటు తీస్తే పోతుంది, ఏమీ చెడదు. అన్నీ కుదిరాకే సిస్‌అప్‌గ్రేడ్ చేసి కాపురం పెట్టించాలి. ఈ క్రమం పాటించక నేను గతంలో ఒక బోర్డును పాడు చేసుకున్నాను. పొరపాటు ముమ్మాటికీ నాదే. ఫ్లాష్ మొత్తం తుడిచి కొత్తగా రాశాను, లేచింది, సంబరపడ్డాను. వైఫై మాత్రం పక్క గదికి కూడా అందడం లేదు. ఆ 64 కేబీల 'ఫ్యాక్టరీ' ముక్కలో ఉండేది ఆ బోర్డు జాతకం. తయారీలో ఒక్కో బోర్డును కొలిచి, దాని స్ఫటికం ఎంత దారి తప్పుతుంది, ఏ ఛానల్‌లో ఎంత బలంతో పంపాలి అని రాసి పెడతారు. ఎంఏసీ చిరునామాలూ అక్కడే. ఒక బోర్డుది ఇంకో బోర్డుకు సరిపోదు, కంపెనీ దగ్గర నకలు దొరకదు. ఇప్పుడు ఏ బోర్డు తెచ్చినా నేను చేసే మొదటి పని ఆ ముక్కను రెండు చోట్ల దాచడం.

ఇంత తంటా ఎందుకు, కంపెనీనే సోర్సు అడగొచ్చు కదా అని కొందరంటారు. అడిగాను. వేరే బోర్డు విషయంలో ఒక అమ్మకందారుకు లైసెన్సు గుర్తుచేస్తూ రాస్తే నెలల తర్వాత ఒక జిప్ ఫైలు వచ్చింది. అందులో చిన్నాచితకా ప్రోగ్రాములన్నీ ఉన్నాయి, కెర్నెల్ ఒక్కటే లేదు. పెళ్లికి పిలిచి అన్నం తప్ప అన్నీ వడ్డించినట్లు. చిత్రమేమిటంటే చాలా కంపెనీల ఫర్మ్‌వేర్ లోపలంతా పాత ఓపెన్‌వర్టే. చిప్పు తయారీదార్లు దాన్ని తీసుకుని తమ మూసిన డ్రైవర్లు కలిపి రౌటరు కంపెనీలకు ఇస్తారు, క్వాల్‌కామ్ క్యూఎస్‌డీకే అట్లాంటిదే. వాళ్లు పైన రంగులేసి అమ్ముతారు. ఏళ్లు గడిచినా ఆ పాత కెర్నెల్ మారదు. దాన్నే కెలికి సొంతంగా ఫర్మ్‌వేర్ కట్టుకునేవాళ్లున్నారు, పని జరుగుతుంది. కానీ అది ఒంటిస్తంభం మేడ. కట్టినవాడు పట్టించుకోవడం మానేసిన రోజు కూలుతుంది. అసలు మూలంలో చేర్చిన బోర్డు అట్లా కాదు. కెర్నెల్ మారితే దానితో పాటు అదీ మారుతుంది, తప్పు దొరికితే అందరికీ ఒకేసారి దిద్దుబాటు వస్తుంది. ఎంటీ7628 లాంటివి ఇంత హాయిగా నడవడానికి ఫెలిక్స్ ఫీట్‌కావ్ ముందుండి రాసిన ఎంటీ76 అనే తెరిచిన వైఫై డ్రైవరు ఉండటమే కారణం. బ్రాడ్‌కామ్ వైఫై ఉన్న బోర్డయితే నేను మా అల్లుడికి మొదటి రోజే టీ ఇచ్చి పంపేసేవాణ్ణి.

భద్రత మాట ఎత్తితే 2017 జులై గుర్తొస్తుంది. ఫ్యాక్టరీలో పెట్టిన 'అడ్మిన్' పాస్‌వర్డు మార్చని బీఎస్‌ఎన్‌ఎల్ మోడెముల్లోకి మాల్‌వేర్ చొరబడి వేల ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాదే వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో ఐదు లక్షల దాకా రౌటర్లకు సోకింది. వీధిలోని ప్రతి ఇంట్లో ఒక కంప్యూటరు పగలూ రాత్రీ వెలుగుతూ ఉంది, దాన్ని ఎవరూ అప్‌డేట్ చేయరు.

మరి మన ఇళ్లలో నెట్ ఇచ్చే అసలు డబ్బా సంగతి? ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ఈ డబ్బాలనూ ప్రైవేటు కంపెనీలు ఇచ్చే ఫైబర్ డబ్బాలనూ తెరవొచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. ఇక్కడ నేను కంపెనీల పక్షాన కొంత మాట్లాడక తప్పదు. జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబర్‌ను ముప్పై రెండు, అరవై నాలుగు ఇళ్లకు చీల్చి ఇస్తారు. కిందికి సెకనుకు వచ్చే 2.488 గిగాబిట్లు అందరికీ ఒకేసారి వినిపిస్తాయి. పైకి పంపేది 1.244, అందులో మాత్రం ఎవరి వంతులో వాళ్లే మాట్లాడాలి. ఎక్స్ఛేంజీలోని ఓఎల్‌టీ ఆ వంతులు పంచుతుంది. ఒక ఇంటి డబ్బా వంతు తప్పి లేజరు వెలిగిస్తే ఆ వీధి వీధంతా నెట్ పోతుంది. కొళాయి దగ్గర లైను దాటి బిందె పెట్టినట్లన్నమాట, కాకపోతే ఇక్కడ అందరి బిందెలూ ఖాళీ అవుతాయి. పైగా ఆ ఆప్టికల్ భాగపు సాఫ్ట్‌వేర్ చాలా చిప్పుల్లో మూసే ఉంది. కాబట్టి కాంతి భాగానికి తాళం వేస్తే నేను తప్పుపట్టను. అదే పెట్టెలోని వైఫైకీ, పాస్‌వర్డుకూ, డీఎన్‌ఎస్‌కూ కూడా తాళం వేయడాన్ని తప్పుపడతాను. తేలికైన దారి ఒకటుంది. డబ్బాను బ్రిడ్జి మోడ్‌లో పెట్టమని ఆపరేటరును అడిగి, వెనక మన రౌటరు పెట్టుకోవడం. కొందరు పెడతారు, కొందరు అట్లాంటిదే లేదంటారు. టీవీ కూడా అదే తీగ మీద వస్తే మల్టీకాస్ట్‌కు అదనంగా కొంత అమర్చుకోవాలి, లేకుంటే సాయంత్రం ఇంట్లో యుద్ధమే.

రేడియో నిబంధనల గురించి ఒక్క మాట. 2015లో అమెరికా ఎఫ్‌సీసీ 5 గిగాహెర్ట్జ్ పరికరాల సాఫ్ట్‌వేర్ మీద కట్టుబాట్లు పెడితే కొన్ని కంపెనీలు మొత్తం ఫర్మ్‌వేర్‌కే తాళం వేశాయి. 2016లో టీపీ-లింక్ అదే ఎఫ్‌సీసీతో రెండు లక్షల డాలర్ల రాజీ చేసుకుంటూ, బయటి ఫర్మ్‌వేర్‌కు చోటిస్తానని కూడా ఒప్పుకుంది. మన దగ్గర 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వదిలారు. ఓపెన్‌వర్ట్‌లో దేశం ఐఎన్ అని ఎంచుకుంటే హద్దులు అదే చూసుకుంటుంది. ఎంచుకోకపోవడం మన నిర్లక్ష్యం.

ఇంకో దారి తెరిచిన బోర్డునే కొనడం. చెక్ దేశపు సీజెడ్.ఎన్‌ఐసీ సంస్థ టర్రిస్ ఆమ్నియాను చేసింది. 2024 నవంబరులో ఓపెన్‌వర్ట్ వాళ్లే బనానా పైతో కలిసి ఓపెన్‌వర్ట్ వన్ తెచ్చారు. 1 జీబీ ర్యామ్, ఫ్లాష్ రెండు రకాలు. పెద్దదాన్ని పాడుచేసుకున్నా విడిగా ఉన్న 16 ఎంబీ చిన్న ఫ్లాష్ నుంచి మళ్లీ లేపవచ్చు. వచ్చినప్పుడు పెట్టెతో కలిపి 89 డాలర్లు. మంచి బోర్డు, ఒప్పుకుంటాను. కానీ వెయ్యి రూపాయల రౌటరు పదిమంది పంచుకునే బైరాగిపట్టెడ రూముల్లో దాని ఊసెత్తలేం.

మన జిల్లా విచిత్రం మరోటి. 2015లో దేశంలో తయారైన తొలి షావోమీ ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్ బయటికొచ్చింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ నుంచే. డిక్సన్ కంపెనీ టీవీలు, కెమెరాలు తిరుపతి పక్కనే బిగించింది. బోర్డులు ఇన్ని చేతుల మీదుగా పోతాయి, వాటి చెక్కుబందీ మాత్రం మన దగ్గర ఉండదు. ఏర్పేడులో ఐఐటీ ఉంది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది, ఊళ్లో పాలిటెక్నిక్‌లున్నాయి. ఏటా చివరి సంవత్సరం పిల్లలు ఎక్కడో కొన్న ప్రాజెక్టు తెచ్చి మోటారు తిప్పి, బల్బు వెలిగించి చూపిస్తారు. అంతకంటే ఒక పాత రౌటరు విప్పి, హద్దులు రాసి, పరీక్షించి, పేరు పెట్టి పంపిస్తే ఎక్కడో బెర్లిన్‌లోనో బెళగావిలోనో ఉన్నవాడికి కూడా ఆ బోర్డు నడుస్తుంది. అధ్యాపకులు దీన్ని ప్రాజెక్టుగా ఒప్పుకుంటారా అన్నదే నా అనుమానం. కోడు చూస్తే వంద వరసలు కూడా ఉండదు మరి.

మాది సరిగ్గా అంతే అయింది. చెక్కుబందీ ఫైలు ఒకటి, ఇమేజ్ తయారీకి పది వరసలు, పోర్టుల వరసకూ లైట్లకూ చిన్న చేర్పులు. వాటి పైన రాయాల్సిన వివరణ కోడు కంటే పొడుగు. చిప్పు, ర్యామ్, ఫ్లాష్, సీరియల్ రంధ్రాల వరస, ఎక్కించే విధానం, వెనక్కి పోయే విధానం, ఏ ఎంఏసీ ఎక్కడినుంచి తీసుకున్నామో పట్టిక. కింద 'సైన్డ్-ఆఫ్-బై' అని పిల్లవాడి అసలు పేరు. అది ఊరికే పెట్టే సంతకం కాదు. నేను రాసిందే, లేదా పంచే హక్కు నాకుంది అని పూచీ పడటం.

ఓపెన్‌వర్ట్‌కు పంపిన నాలుగు రోజులకు అక్కడి సమీక్షకుడి నుంచి జవాబు వచ్చింది. ఖాళీలు సరిగా లేవు, ఒక లైటు పేరు పద్ధతి ప్రకారం లేదు, ఇవి చిన్నవి. మూడోది అసలు ప్రశ్న: వ్యాన్ పోర్టు ఎంఏసీ స్టిక్కరు మీదిదేనా, లేక దానికి ఏదైనా కూడితే వచ్చిందా? అప్పటికి రౌటరు కొర్లగుంటలో వాళ్లింట్లో నడుస్తోంది. సాయంత్రం ఫోన్ చేశాడు.

"మామా, స్టిక్కరు మీద ఉండేదానికీ దీనికీ చివరి అంకె ఒకటి తేడా ఉండాది."

"ఎక్కువా, తక్కువా?"

"ఉండు మామా, మళ్లీ చూడాల. అమ్మ దాని మీద వెంకటేశ్వరస్వామి పటం పెట్టింది."